ముక్కులో ఏసీ... తడి ఆరితే తంటా!

మే నెల వచ్చిందంటే బెజవాడ నిప్పుల కుంపటే. బందరు వాళ్లకు సాయంత్రమైతే సముద్రపు గాలైనా తగులుతుంది. ఇక్కడ అదీ తక్కువే. పడమటి గాడ్పులు మొదలైతే 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉన్నాయి. ఆ ఎండలో క్రికెట్‌ ఆడొచ్చిన పిల్లాడి చొక్కా మీద నెత్తుటి మరకలు కనిపిస్తే ఇంటిల్లిపాదికీ హడలే. వెంటనే ఎవరో ఒకరు 'తల వెనక్కి వంచరా' అంటారు. చేయకూడనిది సరిగ్గా అదే!

ముక్కుంది వాసన చూడ్డానికే అనుకుంటాం. నిజానికి అదో ఏసీ. రోజుకు సుమారు 10 వేల లీటర్ల గాలి అందులోంచే వెళ్తుంది. లోపల అటూ ఇటూ మూడేసి వంపు తిరిగిన ఎముకలు, వాటిమీద తడి పొర, దానికింద రక్తనాళాల వల. చలిగాలి వస్తే వెచ్చబరచడం, వడగాలి వస్తే చల్లబరచడం, ఎలాంటి గాలికైనా తేమ అద్దడం... ఇదీ వాటి డ్యూటీ. దుమ్మేమో జిగురుకి అంటుకుంటుంది. సన్నటి నూగు దాన్ని గొంతులోకి నెడుతుంది. మనం మింగేస్తాం. (వినడానికి బాగోదు కానీ అంతే.) ఇంకో తమాషా... రెండు రంధ్రాలూ షిఫ్టుల్లో పనిచేస్తాయి. కొన్ని గంటలు ఒకటి ఎక్కువ పీలిస్తే రెండోది కాస్త తగ్గుతుంది.

ఆవకాయ కలిపేటప్పుడు ముక్కు మండి కళ్ల నీళ్లు తిరుగుతాయే, అది వాసన కాదు. వాసనను మెదడుకు చేర్చే నాడి వేరు, ఘాటును చేర్చే ట్రైజెమినల్‌ నాడి వేరు. మొహం మీద నొప్పి తెలిసేది ఈ రెండోదాని వల్లే. జలుబు చేసి కాఫీ వాసన తెలియని మనిషికీ ఆవ ఘాటు తగిలేది అందుకే.

ఇక రక్తం సంగతి. రెండు రంధ్రాల మధ్య గోడకు ముందు భాగంలో నాలుగైదు రక్తనాళాలు కలుస్తాయి. పైన పొర చాలా పల్చన. పొడిగాలికో, రాత్రంతా ఏసీ గదిలో పడుకోవడంవల్లో అది ఆరి పగులుతుంది. దానికి పిల్లల వేలు తోడైతే చెప్పేదేముంది! తల వెనక్కి వంచితే రక్తం ఆగదు, గొంతులోకి దిగి వాంతి అవుతుంది. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. నోటితో గాలి పీల్చమనాలి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో వేళ్లు తీసి చూడొద్దు. అరగంటైనా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలాక వచ్చినా, రక్తం పల్చబడే మందులు వాడే పెద్దవాళ్లకు వచ్చినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆగాక ఒకట్రెండు రోజులు గట్టిగా చీదనివ్వకండి. రంధ్రాల అంచున కాస్త వాజిలిన్‌ రాయండి. ఆ గోళ్లు కూడా ఓసారి కత్తిరించండి.