గూడేనికి చేరని ప్రసూతి వైద్యం

163వ నంబరు జాతీయ రహదారి ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం చేరుతుంది. ఆ దారి చీల్చుకుపోయే అడవుల్లోనూ, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ గొత్తికోయ గిరిజనుల గూడేలున్నాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక, అటు తుపాకులకూ ఇటు తుపాకులకూ మధ్య నలిగి ప్రాణాలు దక్కించుకోవడానికి గోదావరి దాటి వచ్చినవాళ్లు వీరిలో ఎక్కువమంది. దేశ సరిహద్దు దాటలేదు కనుక శరణార్థులు కారు. రాష్ట్ర సరిహద్దు దాటారు కనుక సొంత రాష్ట్రంలో ఉన్న ఎస్టీ గుర్తింపు తెలంగాణలో దక్కలేదు. ఇలాంటి గూడెంలో బాలింత చనిపోయినా, పసికందు దక్కకపోయినా మన నోట వచ్చే మొదటి మాట మూఢనమ్మకం. నమ్మకాలు అడ్డు కావని కాదు. కానీ వాటికంటే ముందున్న అడ్డు సర్కారు మీద భయం. ఆ భయం పోగొట్టకుండా నమ్మకాలతో పోరాడటం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ముట్టు రోజుల్లో ఊరి అంచున వేరే గుడిసెలో ఉండటం, ఇంటి దగ్గరే పెద్ద వయసు ఆడవాళ్ల చేతుల మీదుగా కాన్పు కావడం, మాయను తమ నేలలోనే పూడ్చిపెట్టడం వీళ్లు వదిలివచ్చిన బస్తర్ ప్రాంత గిరిజనుల్లో తరాలుగా ఉన్నవే. ఊరు కాలిపోయి, పొలం పోయి, పరాయి అడవిలో బతకాల్సి వచ్చినవాళ్లకు తమదంటూ మిగిలేది ఆచారమే. దాన్ని మరింత గట్టిగా పట్టుకోవడం సహజం. ఇక ఆసుపత్రి మీద వాళ్ల జంకు అంతా అజ్ఞానమే అనగలమా? పోతే కడుపు కోస్తారని గూడెం భయపడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కట్టెలు మోసి, పోడు కొట్టి బతికే మనిషికి కోత అంటే నెలల తరబడి కూలి పోవడం. అదే సర్వే ఆసుపత్రి కాన్పులు 97 శాతమని చెబుతుంది. అంత పెద్ద సగటు వెనుక వాగు అవతలి గూడేలు కనబడకుండా పోతాయి.

చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు రోగం లోలోపలే ముదురుతుంది. ప్రాణహితకు ఆవల ఉన్న గడ్చిరోలి జిల్లాలో వైద్య దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ 1989లో ప్రకటించిన అధ్యయనంలో, పరీక్షించిన స్త్రీలలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకుముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. ఆ దంపతులు గ్రామీణులను తిట్టిపోయలేదు. గిరిజనులను అడిగి, వాళ్ల గూడెం పోలికలో ఆసుపత్రి కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పితే, పోల్చిచూసిన గ్రామాలకంటే నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయి. పెరూలోని అయకూచో ప్రాంతంలోనూ ఇదే జరిగింది. కూర్చుని కనే పద్ధతినీ, పక్కన అయినవాళ్లు ఉండటాన్నీ ఒప్పుకోగానే, అక్కడి సాంటిల్లానాలో ఆసుపత్రి కాన్పులు 1999లో 6 శాతం నుంచి 2007కు 83 శాతానికి చేరాయి. రెండుచోట్లా ముందు మారింది వైద్యమే.

ఆచారాన్ని ఇలా గౌరవిస్తూ పోతే ముట్టుగుడిసెలో పాము కాటుకు, చలికి ఆడపిల్ల బలికావాల్సిందేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆచారం పేరిట మగపెద్దలు మాట్లాడే మాటను ఆడవాళ్ల ఇష్టంగా లెక్కవేయకూడదు. అయితే నిషేధం ఒక్కటే చాలదని నేపాల్ చూపింది. ముట్టు రోజుల్లో ఆడవాళ్లను వేరే గుడిసెలో ఉంచే ఛౌపది ఆచారాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2005లోనే తప్పన్నది. 2017 చట్టం మూడు నెలల జైలు లేదా మూడు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పెట్టింది. ఆ తర్వాతా గుడిసెల్లో చావులు ఆగలేదు. గుడిసె కూల్చినంత మాత్రాన మైల భావన కూలదు. ప్రమాదాన్ని ఈ రోజే తగ్గించాలి. ఆచారాన్ని మార్చే పని ఆ గూడెం ఆడపిల్లల చదువుతో, వాళ్ల మాటకు విలువ పెరగడంతో సాగాలి.

అడవిని ఆక్రమించినవాళ్లకు సౌకర్యాలిస్తే మరింతమంది వస్తారన్నది రెండో అభ్యంతరం. అడవి నష్టం నిజమే. కానీ 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గొత్తికోయల గుడిసెలు కూల్చినట్టు కూల్చుతూ పోతే, ఆ గూడేల గర్భిణి యూనిఫాం వేసుకున్న ఏ మనిషినీ నమ్మదు, ఏఎన్ఎంతో సహా. భూమి తగాదా కోర్టుల్లో ఎన్నేళ్లయినా నడవవచ్చు. కాన్పుకు గడువు తొమ్మిది నెలలే. వచ్చినవాళ్లు ప్రసూతి కిట్టు కోసం ఊళ్లు విడిచి రాలేదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. నిర్వాసిత స్త్రీల ఆరోగ్యానికి ప్రత్యేక శ్రద్ధ చూపాలనీ, మహిళా వైద్య సిబ్బంది అందుబాటులో ఉండాలనీ 1998 నాటి ఐక్యరాజ్య సమితి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి.

పథకాలన్నీ ఉచితమే కదా అనేవారూ ఉన్నారు. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్టు సాయానికి ఆధార్, బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చేవి, అదీ రెండు కాన్పుల వరకే. కాగితం లేని మనిషికి ఉచితం కూడా అందనిదే. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరులో కొండమీది గర్భిణులు నెలలు నిండకముందే దిగివచ్చి ఉండేందుకు వసతి గృహం పెట్టారు. వానాకాలం వాగులు పొంగే ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలోనూ అలాంటిది కావాలి. గొత్తికోయ మహిళలనే ఆశాలుగా తీసుకోవాలి. తల్లినో అత్తనో కాన్పు గదిలోకి రానివ్వాలి. ఆధార్ అడగకుండానే గర్భిణి పేరు రాసుకోవాలి. అటవీ, పోలీసు తనిఖీలకు వైద్య శిబిరాలను వాడుకోబోమని జిల్లా కలెక్టర్లు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇవన్నీ చేశాక కూడా ఎవరైనా గడప దాటకపోతే, అప్పుడు నమ్మకాలను తప్పుపట్టే అర్హత మనకు వస్తుంది.