గోడ లోపలి మనుషులు

యెరికో గోడలు కూలిన కథను మా గూడేల్లో సండే స్కూలు పిల్లలకు పాటతో, చప్పట్లతో నేర్పుతారు. గోడలు కూలాక ఏం జరిగిందో మాత్రం చెప్పరు. యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయం దాచలేదు. ఆడా మగా, పిల్లా ముసలీ, ఎడ్లూ గొర్రెలూ గాడిదలూ అన్నీ కత్తివాత పడ్డాయి. రాహాబు ఇంటివాళ్లే మిగిలారు. కనానీయులపై కనికరం చూపొద్దన్నది దేవుడి ఆజ్ఞేనని ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం అంటుంది.

మేము అడిగేది ఒక్కటే. శత్రువును ప్రేమించమన్న యేసు తండ్రీ, చంటిబిడ్డను కూడా వదలొద్దన్న దేవుడూ ఒక్కడేనా?

దీనికి రెండు జవాబులు వింటూ వచ్చాం. కనానీయులు పిల్లలను బలిచ్చే పాపులు, అందుకే శిక్ష అన్నది మొదటిది. పిల్లలను బలివ్వడం పాపమైతే, దానికి శిక్షగా ఆ పిల్లలనే చంపడం ఏం న్యాయం? దేవుడు ఏం చేసినా న్యాయమే అన్నది రెండోది. అలాగైతే ‘దేవుడు మంచివాడు’ అనే మాటకు అర్థమేముంది? యోనా గ్రంథం చివర చూడండి. కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న నీనెవె మీద, అక్కడి పశువుల మీద కూడా దేవుడు జాలిపడతాడు. ఇక్కడ బైబిలే బైబిల్‌తో వాదిస్తోంది.

యెరికోలో 1950లలో కాథ్లీన్ కెన్యన్ జరిపిన తవ్వకాల్లో, యెహోషువ కాలానిదని చెప్పదగ్గ గోడ దొరకలేదు. కథ జరగలేదనే అనుకుందాం. ఆ కథను నమ్మి చంపినవాళ్లు మాత్రం నిజం. 1637లో అమెరికాలో ఇంగ్లీషు సైనికులు పీక్వాట్ ఆదివాసుల ఊరిని తగలబెట్టారు. వాళ్లలో ఒక కెప్టెన్, జాన్ అండర్‌హిల్, మరుసటి ఏడు అచ్చేసిన పుస్తకంలో ఆడవాళ్ల, పిల్లల చావుకు లేఖనాన్నే సాక్ష్యంగా చూపాడు. వాగ్దాన దేశం కథలో ఆదివాసులు కనానీయుల వైపే ఉన్నారని 1989లో ఓసేజ్ తెగ రచయిత రాబర్ట్ అలెన్ వారియర్ రాశాడు. 1/70 చట్టం ఉండగానే భూములు చేజార్చుకున్న మాకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇది చూపి మా క్రైస్తవ బంధువులను ఎగతాళి చేసేవాళ్లకూ ఒక మాట. ఖాండవ వనాన్ని ఎవరు కాల్చారు? అందులో ఎవరు మాడిపోయారు? అదీ చదవండి.

అయితే పాత నిబంధనను చించి పారేద్దామా? రెండో శతాబ్దంలో మార్సియన్ దాన్ని వద్దన్నాడు, సంఘం ఒప్పుకోలేదు. మేమూ ఒప్పుకోం. ఐగుప్తులో బానిసల మొర విన్న దేవుడూ అందులోనే ఉన్నాడు. కానీ మనుషులు తమ యుద్ధానికి దేవుడి సంతకం పెట్టుకున్న చోట, అది దేవుడి చేవ్రాలు కాదని చెప్పే ధైర్యం కావాలి. తమను చేర్చుకోని సమరయుల ఊరిపై ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని శిష్యులడిగితే యేసు వాళ్లనే గద్దించాడు. మాకు కొలత అది.

మత్తయి పదిహేనో అధ్యాయంలో ఒక కనాను స్త్రీ యేసుకే ఎదురు మాట చెప్పింది. ఆయన కోప్పడలేదు, ఆమె విశ్వాసం గొప్పదన్నాడు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి టీచర్లూ! ఈసారి యెరికో పాట పాడించేటప్పుడు ఒక్క క్షణం ఆపి పిల్లలను అడగండి: గోడ లోపల ఎవరున్నారు?