ఒక్క జెండా చాలు

పిల్లలూ! పరీక్షలు అయిపోయాయి. మామిడిపళ్ళు వచ్చాయి. మా ఓరుగల్లులో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడి పిల్లలకు చెప్పనవసరం లేదు; బయటి ఊళ్ళ పిల్లలకు చెప్పినా నమ్మరు. కోటలో రాతిమీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. అందుచేత పొద్దున పదకొండు మొదలు సాయంత్రం నాలుగు దాకా మీరు ఇంటిపట్టునే ఉండాలి. ఇంట్లో ఉండి, అమ్మను విసిగించకుండా చేసుకునే పని ఒకటి ఈ నెల చెబుతాను.

జూన్ 2వ తేదీ సెలవుల్లోనే వస్తుంది. 2014లో ఆ రోజున తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆనాడు ఇక్కడ జాతీయపతాకం ఎగురవేస్తారు. ఆలోగా మీరు మీ చేతులతో ఒక చిన్న జెండా తయారుచేయండి. ఒక్కటే సుమా! రెండు వద్దు. ఎందుకో ముందు చెబుతాను.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడిలో, ఒక ఏడు ఆగస్టు 15కు పిల్లలందరికీ తలా ఒక కాగితపు జెండా పంచాను. బజారులో కట్టలు కట్టలుగా కొని తెప్పించాను. పిల్లలు వాటిని ఊపుతూ వీధుల్లో తిరుగుతుంటే నాకు ఎంతో గర్వంగా ఉండింది. ఆ రాత్రి వాన కురిసింది. మరునాడు పొద్దున మూడో తరగతి పిల్ల ఒకతె గౌను ఒడి పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఒడినిండా బురదలో తడిసిన జెండాలు! బడి ముందు మోరీలో నుంచి, మైదానంలో నుంచి ఏరి తెచ్చిందట.

"సార్, వీటిని ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు జవాబు తోచలేదు. పంచటం గురించి ఆలోచించానేగాని, ఆ తరువాత సంగతి ఆలోచించనే లేదు. ఆమె బల్లమీద వాటిని ఒక్కొక్కటే పరిచి ఆరబెట్టింది. తరువాత వెతికి చూస్తే 2002 నాటి పతాక నియమావళిలో జవాబు ఉంది. కాగితపు జెండాలను పండుగ అయిపోయాక నేలమీద పారవేయరాదు. పాడైపోయిన జెండాను నలుగురిలో కాకుండా, గౌరవంగా, వీలైతే కాల్చివేయాలి. ఆ సాయంత్రం ఉపాధ్యాయులం నలుగురం బడి వెనుక ఆ పని చేశాము. మరుసటి ఏటి నుంచి తరగతికి ఒక్కటే జెండా. దాన్ని ఎవరు తయారుచేయాలి, ఎవరు దాచాలి అని పిల్లలే పోట్లాడుకునేవారు. ఆ పోట్లాట నాకు నచ్చింది.

ఇంకొక కారణం కూడా ఉంది. అది మా ఊరి సంగతి. 1946లో వరంగల్లు నిజాం రాజ్యంలో ఉండేది. ఇక్కడ మూడు రంగుల జెండా ఎత్తటమంటే తగాదా కొనితెచ్చుకోవటమే. అప్పటి జెండా మధ్య చక్రం కాదు, నూలు వడికే రాట్నం ఉండేది. ఆ ఏడు ఆగస్టు 11న వరంగల్లు కోటలో కొందరు ఆ జెండా ఎగురవేశారు. రజాకార్లు ఆయుధాలతో వచ్చి పడ్డారు. బత్తిని మొగిలయ్య అనే ఆయన ఆనాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయనది కల్లుగీత వృత్తి. మరుసటి ఏడు ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరినా మన వంతు రాలేదు. 1948 సెప్టెంబరు 17 దాకా ఆగవలసి వచ్చింది. ఎన్ని నెలలో లెక్కకట్టండి చూద్దాం.

సరే, ఇక పని మొదలుపెడదాం.

దళసరి డ్రాయింగు కాగితం 18 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉండేట్టు కత్తిరించండి. దాన్ని మధ్యకు మడిస్తే 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు అవుతుంది. మన జెండా కొలత ఎప్పుడూ ఇంతే: పొడవు మూడు పాళ్ళు, వెడల్పు రెండు పాళ్ళు. 6 అంగుళాలను మూడుగా విభజిస్తే ఒక్కొక్క పట్టీ 2 అంగుళాలు. పైన కాషాయం, మధ్య తెలుపు, కింద ఆకుపచ్చ. తలకిందులు కాకుండా చూసుకోండి; పెద్దవాళ్ళు కూడా తొందరలో ఈ పొరపాటు చేస్తారు. మడత లోపల సన్నని వెదురుపుల్ల పెట్టి, గంజితో అంటిస్తే జెండాకు రెండు వైపులా వస్తుంది. కాని అంటించేముందు రంగులు వేయాలి.

రంగులు కొనవద్దు. వంటింట్లోనే ఉన్నాయి. గిన్నెలో ఒక చెంచాడు పసుపు వేసి నీళ్ళతో జావలాగా కలపండి. అందులో చిటికెడు వంటసోడా వేయండి. చూస్తుండగానే పసుపుపచ్చ కాస్తా ఎర్రబారి కాషాయానికి దగ్గరగా వస్తుంది. ఇది గారడీ కాదు. పసుపులోని రంగుపదార్థం సోడా వంటి క్షారం తగిలితే రంగు మారుస్తుంది. అమ్మ పారాణికి పసుపులో సున్నం కలపటం మీరు చూచే ఉంటారు, అదీ ఇదే. కాని పిల్లలు సున్నం ముట్టవద్దు. చేతులకు, కళ్ళకు మంట. సోడా ఎక్కువైతే రంగు ఇటుకలాగా అవుతుంది, కొద్దికొద్దిగా వేయండి.

నీలానికి శంఖుపూలు. పెరటి కంచెమీద నీలంగా పూస్తాయే, అవి. పదిహేను పూలు గిన్నెలో వేసి, అమ్మ చేతనో అక్క చేతనో అరగ్లాసు వేడినీళ్ళు పోయించండి. పావుగంటలో నీళ్ళు నీలమవుతాయి. అందులో కొంచెం వేరుగా తీసి నిమ్మరసం చుక్క వేసి చూడండి, ఊదా గులాబి రంగు వస్తుంది. ఇంకొంచెంలో సోడా వేస్తే పచ్చగా తిరుగుతుంది. పులుపుకు ఒక రంగు, క్షారానికి ఒక రంగు! సోడా కలపని పసుపునీళ్ళు, ఈ నీలంనీళ్ళు కలిపితే ఆకుపచ్చ సిద్ధం. లేతగా ఉంటే ఆరిన తరువాత మళ్ళీ ఒక పూత పూయండి. ఒక పట్టీ పూర్తిగా ఆరాకనే రెండోది వేయండి, లేకపోతే తెలుపులోకి పాకుతుంది. నీడలో ఆరబెట్టండి, ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది.

మోదుగుపూల రంగు ఇంతకన్నా బాగుంటుంది కాని, మోదుగ హోళీనాటికి పూసి పోతుంది. వచ్చే ఏడు ఎండబెట్టి దాచుకోండి.

ఇప్పుడు చక్రం. ఇక్కడే చాలామంది తప్పుతారు. చక్రానికి 24 ఆకులు ఉండాలి. పదహారు గీసి ఊరుకున్నవాళ్ళనూ చూచాను, చేయి ఆగక ఇరవయ్యెనిమిది గీసినవాళ్ళనూ చూచాను. కంటి అంచనాతో గీస్తే ఎవరికైనా అంతే. అందుకని మడతలతో చేద్దాం.

పల్చని తెల్లకాగితంమీద చిన్న పళ్ళెం బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించండి. దాన్ని సగానికి మడవండి: రెండు పొరలు. ఆ అర్ధచంద్రాన్ని బఠాణీల పొట్లంలాగా మూడు సమానభాగాలుగా మడవండి: ఆరు పొరలు. మళ్ళీ సగానికి: పన్నెండు. ఇంకొకసారి సగానికి: ఇరవై నాలుగు. విప్పి చూడండి! మధ్య నుంచి 24 మడతలు, ఒక్కొక్కదాని మధ్య 15 డిగ్రీలు. మూడుగా మడిచేటప్పుడు తొందరపడకండి, అంచులు సరిగ్గా కలిసేదాకా జరుపుకోండి. మిగిలినవి వాటంతట అవే సరిపోతాయి. పెన్సిలుతో ఆ మడతలమీద గీతలు గీసి, అదే కేంద్రం నుంచి ఒకటిన్నర అంగుళాల అడ్డుకొలత గల చిన్న వలయం గీయండి. ఆ చిన్న వలయాన్ని కత్తిరిస్తే 24 ఆకులూ దానిమీదనే ఉంటాయి. ముదురు నీలం సిరాతో దిద్ది తెల్లపట్టీ నడుమ అంటించండి. రెండో వైపుకు ఇంకొకటి చేయాలి. మొదటిదానికి గంట పడితే రెండోది పావుగంటలో అవుతుంది.

రాట్నం పోయి ఈ చక్రం వచ్చింది 1947 జులై 22న. ఆనాడు రాజ్యాంగసభ ఈ జెండాను ఆమోదించింది. అంతకు చాలా ముందు, 1921లో, బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు ఒక జెండా నమూనా గాంధీగారికి ఇచ్చారు. తెల్లరంగు కూడా చేర్చమని గాంధీగారు చెప్పారు. వెంకయ్యగారిది కృష్ణాజిల్లా భట్లపెనుమర్రు. పత్తిమీద పరిశోధన చేశారు కనుక ఆయనను పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవారు.

పత్తి అంటే గుర్తుకు వచ్చింది. వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు, అంటే దరీలు నేస్తారు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీరు అరచేతి అంత జంపఖానా నేయవచ్చు. అట్టముక్క పైఅంచుకు, కింది అంచుకు అంగుళానికి నాలుగు చొప్పున గాట్లు పెట్టి, ట్వైను దారం నిలువుగా చుట్టండి. అది పడుగు. రంగు ఊలును మొద్దుసూదికి ఎక్కించి ఒక దారం పైనుంచి, ఒక దారం కిందినుంచి పోనివ్వండి. అది పేక. తిరుగువరుసలో పైది కింద, కిందది పైన. అంతే. కాని ఇది కాళ్ళకింద పరిచేది కనుక దీనిమీద జెండా నేయకూడదు. ఎరుపు, నలుపు, పసుపుపచ్చ, మీకు తోచిన రంగులు వేయండి.

పని చేస్తే ఆకలి వేస్తుంది గదా! పొయ్యి వెలిగించనక్కరలేని పళ్ళెం ఒకటి చెబుతాను. ఒక వరుస మామిడిపండు ముక్కలు, ఒక వరుస పొట్టు తీసిన తాటిముంజలు, ఒక వరుస చక్రాలుగా తరిగిన కీరదోస. కీరదోసమీద కొంచెం ఉప్పు, నిమ్మరసం. కత్తి పని పెద్దవాళ్ళది. ముంజల పొట్టు తీయటం, వరుసలు పేర్చటం మీది. ముంజలు లేతవి చూసి తీసుకోండి, ముదిరితే పిల్లల పళ్ళకు రబ్బరులా తగులుతాయి. ముంజల మీద నీలిచక్రం పెట్టవచ్చా అని ఒక మనుమడు నన్ను అడిగాడు. నేను వద్దన్నాను. చక్రం లేకపోతే అది మూడురంగుల పళ్ళెం, హాయిగా తినవచ్చు. చక్రం పెట్టాక కొరకటానికి నాకైతే నోరు రాదు.

చివరిపని చల్లబడ్డాక చేయండి. మీ వాడలో తొంభైకి దగ్గరపడ్డ అవ్వో తాతో ఉంటే పక్కన కూర్చుని, "నిజాం రాజ్యం పోయిననాడు మీరు ఎక్కడ ఉన్నరు తాతా? ఏం చూసిండ్రు?" అని అడగండి. ఆనాటికి వారికి పదేళ్ళయినా నిండి ఉంటాయి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే నోటుబుక్కులో వ్రాసుకోండి, భాష దిద్దవద్దు.

జూన్ 2 సాయంత్రం మీ జెండాను విప్పారినట్టే అదే నోటుబుక్కు పుటల మధ్య పెట్టి, బుక్కును అలమారలో పైఅరలో ఉంచండి. ఆగస్టు 15కు మళ్ళీ తీయవచ్చు.