డిస్క్రీట్ మ్యాథ్స్‌ను ‘పాసైతే చాలు’ పేపర్ అనుకోవద్దు!

బీటెక్ సీఎస్‌ఈలో సాధారణంగా రెండో ఏడాదిలో వచ్చే డిస్క్రీట్ మ్యాథ్స్ అంటే మనలో చాలామందికి ఒకటే లెక్క. ముఖ్యమైన ప్రశ్నలు నాలుగు బట్టీ పట్టి గట్టెక్కితే చాలు, ఉద్యోగానికి కావాల్సింది అమీర్‌పేటలో నేర్చుకోవచ్చు అని. నా దృష్టిలో ఇది నష్టపు బేరం. ఇవాళ నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ నాలుగేళ్లకు పాతబడొచ్చు. 1736లో ఆయిలర్ పునాది వేసిన గ్రాఫ్ థియరీ మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది.

హైటెక్ సిటీకి మీరు ఎక్కే మెట్రోనే చూడండి. స్టేషన్లు వర్టెక్స్‌లు, వాటిని కలిపే ట్రాక్ ఎడ్జ్. నాగోల్–రాయదుర్గం, మియాపూర్–ఎల్బీనగర్, జేబీఎస్–ఎంజీబీఎస్ లైన్లు అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి. ఈ మూడింటి మధ్య ఒక సైకిల్ ఉంది. అందుకే బేగంపేట–అమీర్‌పేట మధ్య ట్రాక్ ఆగినా, ఎంజీబీఎస్ మీదుగా చుట్టు తిరిగి హైటెక్ సిటీ చేరే దారి ఉంటుంది. అదే అమీర్‌పేట స్టేషన్ మొత్తం మూతపడితే? నెట్‌వర్క్ మూడు ముక్కలవుతుంది: మియాపూర్ వైపు, రాయదుర్గం వైపు, మిగతా ఊరు. పుస్తకంలో దీని పేరు కట్ వర్టెక్స్. ఐటీ కంపెనీలో ఇదే ప్రశ్న ‘ఏ సర్వర్ పడిపోతే సర్వీస్ ఆగిపోతుంది?’ అని ఎదురవుతుంది.

లాజిక్ సంగతీ అంతే. ‘వయసు 18 నిండింది, ఫీజూ కట్టారు’ అనే షరతుకు వ్యతిరేకం ఏమిటి? ‘వయసు నిండలేదు, ఫీజూ కట్టలేదు’ అనుకుంటే తప్పు. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా చాలు. డీమోర్గాన్ సూత్రం చెప్పేది ఇదే. ఇక్కడ తడబడితే ఎస్‌క్యూఎల్ క్వెరీ తప్పుడు జాబితా ఇస్తుంది. రికర్షన్ కొరుకుడు పడనివాళ్లు కూడా ఒకసారి ఇండక్షన్ చాప్టర్ తిరగేయండి. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే.

‘ఆఫీసులో ట్రూత్ టేబుల్ ఎవరు వేయమంటారు?’ అని అడగొచ్చు. నిజమే, ఎవరూ వేయమనరు. కానీ ఏఐ క్షణాల్లో కోడ్ రాసిపెడుతున్న రోజుల్లో, అది సరైందో కాదో తేల్చగలగడమే మీ విలువ. పైగా వేలు పోసి కోర్సులు చేసే స్తోమత అందరికీ ఉండదు. ఈ సబ్జెక్టు మాత్రం మీవాళ్లు ఇప్పటికే కట్టిన కాలేజీ ఫీజులోనే ఉంది. గేట్ రాసేవాళ్లకు సిలబస్‌లోనూ ఉంది.

రోజూ అరగంట కేటాయించండి. లాజిక్, సెట్స్, ఇండక్షన్, కౌంటింగ్, గ్రాఫ్స్ ఇదే వరుసలో చదవండి. ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. జవాబు చూసే ముందు పావుగంటైనా సొంతంగా కుస్తీ పట్టండి. చివర్లో మెట్రో మ్యాప్‌ను పైథాన్‌లో గ్రాఫ్‌గా రాసి, ఒక్కో స్టేషన్ తీసేస్తే ఎన్ని ముక్కలవుతుందో లెక్కించండి. కొనుక్కున్న ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. దీని గురించి ఎంతసేపు అడిగినా చెప్పగలరు.