గ్రాంటు దరఖాస్తులో లేని గడి

నిడదవోలు జంక్షన్‌లో రైలు దిగి అద్దె ఇంటి కోసం వీధులు తిరిగే ఎవరికైనా ఒక ప్రశ్న ఎదురవుతుంది: ‘మీరేమట్లండి?’ గోదావరి జిల్లాల మర్యాద కులాన్ని నేరుగా అడగనివ్వదు, అడగకుండా వదలనివ్వదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ ప్రశ్నకు దాచకుండా జవాబు చెప్పాను. ‘మా చుట్టాలబ్బాయి వస్తానన్నాడండి, మర్చేపోయాను’ అన్నారు ఇంటాయన. నెల గడిచాక అటుగా వెళ్తే ‘టు-లెట్’ బోర్డు అక్కడే వేలాడుతోంది. అద్దె కట్టే స్తోమత ఉండి కూడా నేను మళ్లీ మా పేట నుంచే రోజూ సైకిలు తొక్కాను.

ఇటీవల ఒక మిత్రుడు తమ స్వచ్ఛంద సంస్థ పంపబోయే గ్రాంటు దరఖాస్తును చూసిపెట్టమన్నాడు. పట్టణ పేదల గృహవసతి దాని లక్ష్యం. ఇళ్లెన్ని, ఒక్కో ఇంటికి ఖర్చెంత, లబ్ధిదారుల ఆదాయమెంత, వారిలో ఎస్సీలు, ఎస్టీలు ఎందరు అన్న గడులున్నాయి. వారికి ఇల్లు ఎవరు నిరాకరించారు, కొత్త స్థలం ఊరికి ఏ దిక్కున ఉంది అన్న గడులు లేవు. కులం అక్కడ ఒక అంకె మాత్రమే.

దాతృత్వానికి చట్టపరమైన అడ్డంకి ఉందా అంటే లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో మురికివాడల అభివృద్ధీ, వెనుకబడిన వర్గాల అసమానతల తగ్గింపూ రెండూ ఉన్నాయి. అయితే శిలాఫలకం వేయగల పనికి దొరికినంత సులువుగా, వివక్షను నమోదు చేసే పనికి డబ్బు దొరకదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి కుదించింది. న్యాయపరమైన రుసుములు ఆ ఖర్చు కిందికే వస్తాయి. ఒక సంస్థ తన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్నీ ఆ సవరణ నిషేధించింది. పెద్ద సంస్థల ద్వారా పేటల్లోని చిన్న సంఘాలకు నిధి చేరే దారి అలా మూసుకుపోయింది.

ప్రభుత్వ పథకాల సంగతీ చూడాలి. 2015లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో సొంత స్థలం ఉన్నవారు ఇల్లు కట్టుకుంటే కేంద్రం లక్షన్నర ఇస్తుంది. స్థలమే లేనివారి కోసం రాష్ట్రం 2020 డిసెంబరు 25న పట్టాల పంపిణీ ప్రారంభించింది: పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. డెల్టాలో కాలువ నీరు పారే మెరక చేలు ఎవరి చేతుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు. పేదల లేఅవుట్లకు మిగిలేది తరచూ పల్లమే. రాజమహేంద్రవరం సమీపాన బూరుగుపూడి ఆవ భూముల వివాదం ముంపు భయంతోనే హైకోర్టుకెక్కింది. ఎర్రకాలువ పొంగినప్పుడు ఏ చేలు మునుగుతాయో నిడదవోలు వాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. సగంలో ఆగిన ఇళ్లకు 2025లో రాష్ట్రం ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించింది. అందరికీ ఒకే మొత్తం ఇస్తే అందరి ఇళ్లూ లేవవని ప్రభుత్వమే అంగీకరించినట్టయింది.

‘ఇల్లు వస్తే కులం దానంతటదే పోతుంది’ అనే మిత్రులున్నారు. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న గ్రామీణాభివృద్ధి సంస్థ దళిత కుటుంబాలకు వేలాది ఇళ్లు కట్టించింది. 2025లో దాని విదేశీ నిధుల అనుమతి ప్రశ్నార్థకమైతే ఆ ప్రజలే రోడ్డెక్కారు. ఆ ఇళ్లు ఇచ్చిన ఆత్మగౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ పక్కా ఇల్లు వచ్చినంత మాత్రాన ఊరికీ పేటకూ నడుమ గీత చెరిగిపోదు. పట్టణంలో ఆ గీత అద్దె ఇంటి గుమ్మం ముందు కొత్తగా మొలుస్తుంది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం దళిత, ముస్లిం పేర్లతో ఇల్లు అడిగినవారికి నిరాకరణలూ అదనపు షరతులూ ఎదురవుతున్నాయని చూపింది. ఒక గృహనిర్మాణ సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్తులకు పరిమితం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది కూడా.

అమెరికా 1968లో గృహ వివక్షను నిషేధించింది. చట్టం ఒక్కటే చాలదని గ్రహించి 1987లో స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చే కార్యక్రమాన్ని చేపట్టింది. ఆ సంస్థలు ఒకే ఆదాయమున్న నల్లవారినీ తెల్లవారినీ విడివిడిగా ఒకే ఇంటికి పంపి, ఇద్దరికీ దొరికిన జవాబులను పోల్చి, ఫిర్యాదు వేస్తాయి. అక్కడ వివక్ష అంతరించిందని కాదు, దానికి సాక్ష్యం పుడుతోంది. ఇక్కడ నాకు ఎదురైన ‘చుట్టాలబ్బాయి’కి సాక్ష్యం ఏది?

అందుచేత నేను కోరేవి మూడు. అద్దె నిరాకరణను వివక్షగా గుర్తించే చట్టం కావాలి. గృహవసతి గ్రాంటులో కొంత భాగాన్ని ఇటువంటి పరిశీలనకూ, న్యాయ సహాయానికీ కేటాయించాలి. పేటల్లో పుట్టిన సంఘాలకే ఆ నిధి నేరుగా అందాలి. మిత్రుడి దరఖాస్తు చివర నేనే ఒక గడి గీసి పంపాను: ‘ఇల్లు ఖాళీగా ఉండగా లేదనిపించుకున్నవారు ఎందరు?’ దాత ఆ గడిని కొట్టివేయవచ్చు. ఈ ఏడాది నిడదవోలులో అద్దె ఇల్లు వెతికే మా పేట కుర్రాడికి మాత్రం ఆ ప్రశ్న తప్పదు.