కుట్టుపనికి గుడ్డ బేరము

ఇంట కుట్టుయంత్రమున్నచో దర్జీకూలి మిగులునని మనమెల్లరము సంతసింతుము. అట్లు మిగిలిన సొమ్ము గుడ్డలయంగడిలో జాఱిపోవుట మాత్రము గమనింపము. కుట్టుట నేర్పువారు పెక్కుమంది గలరు గాని, గుడ్డ నెన్నుకొనుట నేర్పువారు అరుదు. కావున ఈ మాసము ఆ విషయమునే ముచ్చటింతము.

మా వీధిలో నొక యిల్లాలు రవికలు కుట్టి ఇద్దఱు బిడ్డలను చదివించుకొనుచున్నది. ఒక పెండ్లివారు పట్టు రవికలు పండ్రెండు కుట్టనిచ్చిరి. లోపలి లైనింగు గుడ్డను ఆమెయే కొని తెచ్చినది. అంగడివాడు అచ్చమైన నూలనియు, తడిపినను పొట్టిపడదనియు ఒట్టుపెట్టుకొనెను. ఒక్క ఉతుకుతో లైనింగు కుంచించుకొనిపోయి, పైనున్న పట్టు ముడుతలు పడి, రవికలన్నియు తొడుగుటకు వీలుకానివయ్యెను. మూడు మాసముల కూలి ఆమె పరిహారముగా నిచ్చుకొనవలసివచ్చెను. అంగడివాని నడుగబోగా రసీదేదని యడిగెను. రసీదు లేదు. గుడ్డ చవుకగా దొరకుట యొక్కటే లాభము కాదని మా వీధివారందఱకును నాడు తెలిసినది.

నూలుగుడ్డ తడిసిన పిమ్మట నూటికి మూడు మొదలు అయిదు వఱకు తగ్గుట సాధారణము. అనగా 5 మీటర్లు కొన్నచో 15 మొదలు 25 సెంటీమీటర్లు నీటిపాలగును. కావున ఆ మేరకు ఎక్కువగా కొని, రాత్రియంతయు నీట నానవేసి, పిండక నీడనార్చి, ఇస్త్రీచేసి, అటుపిమ్మటనే కత్తెర పెట్టవలయును. లైనింగునకు ఈ నియమము మఱింత ముఖ్యము. నలమహారాజు అడవిలో కట్టుబట్టను ఖడ్గముతో రెండుగా చీల్చెనట. ఆయనకు కొలతల చింత లేదు, మనకున్నది.

అంగడిలోనే చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. గుడ్డ నొకచోట రెండుచేతులతో గట్టిగా నలిపి చూడుడు. తెల్లని పొడి రాలినచో అది గంజిబలముతో నిలిచిన పలుచని నేత. ఒక ఉతుకుతో దోమతెరవలె నగును. తడిపిన తెల్లని చేతిరుమాలుతో అంచున రుద్దిన రంగు సంగతి తెలియును. ఎఱుపు, నలుపు, ముదురునీలము రంగులకు ఈ పరీక్ష తప్పక చేయవలయును. ఇక నూలో, కల్తీయో తెలియుటకు రెండు పోగులు లాగి ఇంటికి తెచ్చి నిప్పంటించి చూడుడు. నూలు కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద యగును. పట్టు వెండ్రుకలు కాలిన కంపు కొట్టును. పాలియెస్టరు కరగి, చల్లారిన పిమ్మట గట్టి పూసవలె ముద్దకట్టును. రెండును కలసిన గుడ్డయైనచో బూడిదలో ఆ గట్టిముద్దలు వ్రేలికి తగులును. మీటరో, అరమీటరో కొని ఈ పరీక్ష చేసిన పిదపనే ఎక్కువ కొనుట మేలు.

ధర విషయమున మనము మోసపోవునది పన్నా యొద్దనే. మీటరు ధర యొక్కటే విని ఇది చవుక, అది ప్రియము అనుచుందుము. 36 అంగుళముల పన్నా గుడ్డ మీటరు 90 రూపాయలు, 44 అంగుళములది 105, 58 అంగుళములది 150 అనుకొనుడు. పన్నాలో అంగుళమునకు లెక్కించినచో మొదటిది 2 రూపాయల 50 పైసలు, రెండవది ఇంచుమించు 2 రూపాయల 39 పైసలు, మూడవది 2 రూపాయల 59 పైసలు పడును. నడిమిది చవుక! ఆడపిల్లల గౌనునకు పన్నా పెద్దదైనచో ప్రక్కనే చేతులు కూడ తీయవచ్చును. సన్నని పన్నాలో చేతులకై మఱల పొడవు కొనవలసియుండును. గజమా, మీటరా యని కూడ అడుగుడు. గజము 36 అంగుళములే. మీటరు 39 అంగుళముల పైచిలుకు. పదింటికి ఇంచుమించు గజము తేడా. మా పంతులుగారి బద్ద నేను సంచిలో వేసికొని పోవుదును. అంగడివారు నవ్వుదురు గాక.

ఎక్కడ కొనవలయునందురా? విజయవాడ వస్త్రలత, చీరాల గుడ్డలబజారు, సికిందరాబాదు జనరల్ బజారు మన ప్రాంతమున పేరుబడ్డవి. టోకువర్తకులు కొందఱు తాను విప్పి చిల్లరగా నమ్మరు. అట్టిచోట నలుగురైదుగురు స్త్రీలు కలసి యొక తాను కొని పంచుకొనవచ్చును. పోప్లినునకును, లైనింగునకును ఇది చక్కని యుపాయము. మంగళగిరి నేతలో పంజాబీ దుస్తులకు తగిన గుడ్డ దొరకును. పెడన అద్దకపుగుడ్డ పిల్లల గౌనులకు ముచ్చటగా నుండును. చేనేతయని చెప్పినచో అంచులకడ సూదిమొనలవంటి సన్నని రంధ్రములున్నవేమో చూడుడు; నేసినపుడు గుడ్డను విప్పారబట్టుటకు పెట్టు బద్దల ముండ్ల గుర్తులవి. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్కు చీటీయున్నచో ఇంకను మంచిది.

కట్‌పీసుల సంగతి నాకు మిక్కిలి ఇష్టము. తాను చివర మిగిలిన మీటరు, మీటరున్నర ముక్కలు సగముధరకును దొరకుట గలదు. అవి రవికలకు, దిండుగలీబులకు, చిన్నపిల్లల చొక్కాలకు చాలును. అయితే ముక్కను పూర్తిగా విప్పి వెలుతురునకెదురుగా పట్టి చూడవలయును. మడత మధ్యనే చిరుగో, నూనెమరకయో దాగియుండును. రసీదుమీద గుడ్డరకమును వ్రాయించుకొనుడు.

ఆషాఢమున పెండ్లిండ్లుండవు గనుక వర్తకులు పెద్దయెత్తున తగ్గింపులు ప్రకటింతురు. ఆ తగ్గింపు నిజమో కాదో తెలియుటకు జ్యేష్ఠముననే ఒకమాఱు అంగడికి పోయి, మనకు కావలసిన నాలుగురకముల ధరలు చీటీమీద వ్రాసికొని రావలయును. నేను గత సంవత్సరమట్లే చేసితిని. నాలుగింటిలో రెండు నిజముగా తగ్గినవి. ఒకటి యథాతథముగా నుండెను. నాలుగవదానికి ముందు ధర పెంచి, పిమ్మట తగ్గించిరి. ఆ చీటీ చూపినంతనే అంగడివాడు మాఱుమాటాడక పాతధరకే యిచ్చెను.