పెరటికుంటలోని అడవిబాతులు

వానలు కురిసి పెరటికుంటలును దొరువులును నిండినప్పుడు, గట్టున గడ్డి దట్టముగ పెరిగి జనసంచారము తక్కువగ నున్నచో, ఒక్కొక్కయింట అడవిబాతుల జంట వచ్చి దిగుట కలదు. అవి అచ్చటనే పిల్లలను చేసినచో ఇంటివారికి, ముఖ్యముగ బాలబాలికలకు, కలుగు సంతోష మింతంత కాదు. అయితే ఆ సంతోషమే బాతుపిల్లలకు ముప్పుగ పరిణమించుటయు కలదు. కనుక ఈ యతిథులయెడ మనము నడచుకొనవలసిన తీరునుగూర్చి నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

శీతకాలమున ఉత్తరదేశములనుండి కొల్లేటికిని పులికాటు సరస్సునకును వలస వచ్చు బాతులు ఇచ్చట గూడు కట్టవు. వేసవి ముదురకమున్నే మరలిపోవును. సంవత్సరమంతయు మనతోనే యుండి ఇచ్చటనే పిల్లలను చేయు జాతులు కొన్ని మాత్రమే. వానిలో మచ్చముక్కు బాతు ఒకటి. దాని ముక్కు నల్లనిది. కొన పసుపుపచ్చగ నుండును. ముక్కు మొదట రెండు ఎఱ్ఱని చుక్కలుండును.

ఈ బాతు నీటియొడ్డున గడ్డిమాటున నేలమీదనే గూడు కట్టును. దినమున కొకటి చొప్పున ఏడెనిమిది గ్రుడ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెట్టి, అన్నియు పూర్తియైన పిదపనే పొదుగ మొదలిడును. అందుచే సుమారు 24 దినములకు పిల్లలన్నియు ఇంచుమించుగ ఒక్కసారియే వెలువడును. మఱునాటికే అవి తల్లివెంట నీటిలో దిగి పురుగులను తామే ఏరుకొని తినును. తల్లి వాని నోటికి మేత అందింపదు. కాని చలివేళ రెక్కలక్రింద వెచ్చగ నుంచుకొనును, కాకులను గ్రద్దలను కనిపెట్టి హెచ్చరించును. పిల్లలు ఎగుర నేర్చుటకు ఏడెనిమిది వారములు పట్టును. అంతవరకు తల్లియే వానికి కోట.

"ఆ పని మనమే చేయరాదా? బుట్టలో నుంచి నూకలు పెట్టి పెంచిన పిల్లి నోట పడకుండును గదా" యని కొందఱు తలిదండ్రులు అడుగుదురు. మంచి మనస్సుతో అడిగిన మాటయే. కాని కాన్రాడ్ లోరెంజ్ అను ఆస్ట్రియాదేశపు శాస్త్రజ్ఞుడు అడవి హంసబాతుల పిల్లలను పరీక్షించి, అవి పుట్టిన కొన్ని గంటలలో తమ యెదుట కదలిన ప్రాణినే తల్లియని వెంబడించునని 1935లో వివరించెను. ఆయనకు 1973లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. మనుష్యుని తల్లిగ నెంచిన పిల్ల గ్రద్దనీడ కులికిపడుట ఎవరివలన నేర్చును? తనజాతివారిలో ఎట్లు కలియును? కొన్ని పిల్లలు పిల్లులకును ముంగిసలకును ఆహుతి యగుట నిజమే. అందులకే గదా తల్లి అన్ని గ్రుడ్లు పెట్టుట. అదిగాక, అడవిపక్షులను పట్టుటయు వాని గ్రుడ్లను తీయుటయు 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద నేరము.

కావున చేయదగిన దేమి? గట్టుమీది గడ్డిని ఆ కొన్ని వారములు కోయకుడు. కుక్కను కట్టివేయుడు. నీరున్నది సిమెంటు తొట్టియైనచో, పిల్లలు దిగగలవు గాని నిటారు గోడ నెక్కి వెలికి రాలేవు. తడిసి అలసి చలికి చచ్చును. ఒక పలకను ఏటవాలుగ నుంచిన చాలును. రొట్టెముక్కలు వేయకుడు, అవి కడుపు నింపునే గాని ఎదుగు పిల్లకు పుష్టినీయవు, మిగిలినవి క్రుళ్లి నీటిని చెఱచును. ఫోటోలు తీయుటకై గూటిదగ్గరకు పోకుడు. తల్లి మాటిమాటికి లేచిపోయినచో గ్రుడ్లు చల్లారును, కాకికి గూడు కనబడును.

విద్యార్థులారా! చూడవద్దని నేను చెప్పుటలేదు. కిటికీచాటున కూర్చుండి చూడుడు. నేడు పిల్లలెన్ని, తల్లి యేవేళ నీటిలో దిగినది, ఏనాటికి ఈకలు మొలచినవి, ఇవన్నియు ఒక పుస్తకమున తేదీలతో వ్రాసికొనుడు. బుట్టలోని పిల్లనుండి నేర్చుకొనజాలని పాఠములు మీకు అందులో దొరకును. ఆ పిల్లలు ఎగిరిపోవునాడు మీ చేతిలో పక్షి యుండదు; కాని మీ కుంట క్షేమమైన తావని యెఱిగిన తల్లి మఱియొక వానకాలమున తిరిగి రావచ్చును.